సగం బస్తా ఉల్లిపాయలు

ఇప్పుడంటే ట్రాలీ నిండా కొనుక్కునే స్తోమత వచ్చింది గానీ, అతనికి ఆ ఇరుకు రోజులే తీపి. పరాయి దేశానికి వచ్చిన కొత్త. ఏది ముట్టుకున్నా ధరను మన రూపాయల్లోకి మార్చుకుని, గుండె పట్టుకుని, మళ్ళీ అక్కడే పెట్టేసేవాడు. అక్కాబావల ఇంట్లో ఉంటూ కరెంటు పనికి వెళ్ళే అతనికి శనివారం సాయంత్రం కూరగాయల డ్యూటీ. షాపు మూసేముందు ఉల్లిపాయలు సగం ధరకిచ్చేవారు. కాకపోతే బస్తాగానే కొనాలి.

ఆ రోజు ఒక్కటే బస్తా మిగిలింది.

"అమ్మయ్య, దొరికింది!" అనుకున్నాడు పైకే.

"దొరికింది మీకు కాదు, నాకు!"

తలెత్తితే, నర్సు యూనిఫాంలో ఒకమ్మాయి బస్తా రెండో కొస పట్టుకుని ఉంది. పరాయిచోట తెలుగు వినపడేసరికి అతని పట్టు సడలింది. అదే అదనని ఆమె లాగేసుకుంది.

"అన్యాయమండీ! మా ఇంట్లో ఐదుగురం."

"పాపం! సరే, సగం సగం."

బయట వాన. షాపు చూరు కింద కూర్చుని పంచుకున్నారు. పెద్దవన్నీ ఆమె సంచిలోకే వెళ్ళాయి. అతను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"మళ్ళీ శనివారం?" అంది వెళ్తూ. ఆ మాట మీద వారమంతా బతికాడు. అలా వారం వారం సాగింది. ఇంట్లో అక్క తల పట్టుకుంది.

"మంచం కింద ఉల్లిపాయలు, బాల్కనీలో ఉల్లిపాయలు! కొట్టు పెడతావేంట్రా?"

"చవగ్గా వస్తున్నాయక్కా."

ఆర్నెల్లయినా మనసులో మాట చెప్పడానికి నోరు పెగల్లేదు. ఒక శనివారం ఆమె బదులు వాళ్ళ నాన్న వచ్చాడు, రిటైరైన లెక్కల మాస్టారు.

"అమ్మాయికి శనివారాలు డ్యూటీ పడింది బాబూ. ఇకనుంచి నేనే వస్తా."

అతని ప్రాణం ఉసూరుమంది. అయినా ఆమె కబురు ఒక్కటైనా తెలుస్తుందన్న ఆశతో మూడు వారాలు మాస్టారితోనే పంచుకున్నాడు. నాలుగోవారం ఆయన బస్తా ముట్టుకోలేదు.

"మీ ఇంట్లో ఇన్ని ఉల్లిపాయలు ఏం చేస్తున్నారయ్యా?"

అతను నీళ్ళు నమిలాడు. "అదీ... వాడకం ఎక్కువండీ."

"మా ఇంట్లో అసలు తినం. మా ఆవిడ వంటింట్లోకే రానివ్వదు. మొదటిసారి పక్కింటావిడ తెమ్మందట. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అయినా మా అమ్మాయి వారం వారం మోసుకొచ్చి హాస్పిటల్లో అందరికీ పంచిపెడుతోంది."

అతను బస్తా వదిలేశాడు.

"నేనొచ్చింది నిన్ను చూడ్డానికి. చూశాను, నచ్చావు. ఇవాళ దానికి సెలవు, ఇంట్లోనే ఉంది. ఆ సందు చివరే మా ఇల్లు, నీ మాటేదో వెళ్ళి దానికే చెప్పు."

బయట మళ్ళీ వాన. అతను తడుస్తూనే పరిగెత్తాడు. ఆమె తలుపు తీసి, ఖాళీ చేతుల వంక చూసింది.

"ఈవారం ఏం తేలేదేం?"

"నువ్వంటే నాకిష్టం. అయ్యో... మీరంటే..."

"నువ్వనే అను," అందామె, కళ్ళు తుడుచుకుంటూ. "ఆర్నెల్ల నుంచీ ఎదురుచూస్తున్నా."