మధ్యలో దూరిన పిల్ల

ఆడుతున్న ఇద్దరి మధ్యలో రోలాండ్ వచ్చి దూరగానే డిడియే మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. ఎలియెట్ గుండెల్లో రాయి పడింది.

తప్పుకోవడం తప్పేమీ కాదు. రోడ్రిగ్స్ దీవిలో డప్పు పాటకు జంటలుగా ఆడే సెగా ఆటంటేనే అది. ఆడుతున్న జంట మధ్యలో ఎవరైనా దూరవచ్చు, ముందున్నవాడు జాగా ఇవ్వాలి. ఇచ్చి, కాసేపాగి, మళ్ళీ దూరాలి. దూరలేదంటే ఆ పిల్లను వదులుకున్నట్టే.

సెలవులకని మారిషస్ నుంచి వచ్చి ఎలియెట్ వాళ్ళ సొలాంజ్ పిన్ని ఇంట్లో అతిథిగా దిగిన డిడియేకు రేపు పొద్దున్నే విమానం. వెళ్ళేలోగా మన పెళ్ళి గురించి మీ అమ్మమ్మతో మాట్లాడతానని మధ్యాహ్నం తనే ఎలియెట్‌తో అన్నాడు. ఇప్పుడేమో గోడకు చేరగిలబడి నిమ్మరసం తాగుతున్నాడు. మనసు మార్చుకున్నాడా?

"అడుగులు తప్పుతున్నావ్," అన్నాడు చిన్ననాటి నేస్తం రోలాండ్.

"నిన్నెవడు దూరమన్నాడు?"

"మీ అమ్మమ్మే. ఆ అబ్బాయి తిరిగొస్తాడో లేదో చూద్దాం, దూరరా అంది."

డప్పు వాయిస్తున్న అమ్మమ్మ చూపు గోడ వైపే ఉంది. పాట అయిపోవస్తోంది, డిడియే కదలడం లేదు.

చివరికి పిన్నే అతని చెయ్యి పట్టి లాగింది. "మా ఇంట్లో ఉంటూ గోడలకు కాపలా ఏంటి నాయనా, పద."

అతను తలొంచుకుని ఆడుతున్నాడు. ఎలియెట్ వైపు ఒక్కసారీ చూడలేదు. ఇక ఆగితే ఏడ్చేస్తానని భయం వేసింది ఆమెకు. రోలాండ్‌ను వదిలేసి విసవిసా వెళ్ళి ఇద్దరి మధ్యా దూరింది.

"జరుగు పిన్నీ."

పిన్ని నవ్వుకుంటూ జరిగింది.

"ఎందుకు తిరిగి రాలేదు?" అంది ఎలియెట్.

"అతను అంత చనువుగా వచ్చాడు కదా, నీకు కావలసినవాడేమో అనుకున్నా. మా మారిషస్ సెగాలో ఈ దూరడాలు లేవు."

"ఇక్కడ ఉన్నాయి. కావాలనుకున్నవాళ్ళు మళ్ళీ వస్తారు. నువ్వు రాకపోయేసరికి నా ప్రాణం పోయింది, తెలుసా?"

డిడియే మొహం తెల్లబోయింది. ఆడుతూనే ఆమెతో కలిసి డప్పు దగ్గరకు జరిగాడు.

"అమ్మమ్మా, మీతో ఒక మాట..."

"అడుగు. చేతులే ఖాళీ లేవు, చెవులు ఖాళీయే."

"ఎలియెట్‌ను నాకిచ్చి..."

అమ్మమ్మ డప్పు ఆపలేదు. "ఊరందరి ముందు సొంత పిన్నినే పక్కకు జరిపి నీ దగ్గరకొచ్చింది. ఇంకా నన్నడుగుతావేంటి? ఆడు."