నిక్కచ్చి చెవిపోగు

“పప్పు ఉడికినట్టేనమ్మా, కూర్చో,” అంది కామాక్షమ్మ.

“ఉడికినట్టే అంటే ఎంత శాతం?” అని ఆవిడ చెవిపోగు అడిగింది.

“నీ మొహం శాతం! వంటింట్లో కూడా దీని పోరేంటే?” ఆవిడ విసుక్కుంటే కోడలు వకుళ నవ్వింది.

అంగారకుడి మీద అరుణపురంలో ప్రతి మనిషి చెవికీ ఆ పోగు ఉంటుంది. దాని పేరు నిక్కచ్చి. కనిపెట్టింది వకుళే. ఊరికి గాలి నిలిపే గుమ్మటాల్లో పని భాష ఇంగ్లిషు. ‘అయిపోయినట్టే’ అనే మన అలవాటును మనవాళ్ళు ఆ భాషలోకీ మోసుకెళ్ళారు. షిఫ్టు మారేటప్పుడు గుమ్మటం అతుకు మూస్తున్న ఒక ఫిట్టరు “సీల్ ఈజ్ ఆల్మోస్ట్ డన్” అన్నాడు. తరువాత వచ్చినవాడు అది అయిపోయిందనే అనుకున్నాడు. గాలి పోయింది. లోపలున్న వకుళ తమ్ముడు చచ్చిపోయాడు.

ఆ కోపంతోనే ఆమె ఈ ‘క్వాలిఫయర్ ఫిల్టర్’ తయారుచేసింది. ఆల్మోస్ట్, రఫ్లీ, దాదాపు, అయినట్టే లాంటి మాట వినపడితే చాలు, అది అన్నవాణ్ణి నిలదీస్తుంది. ఊళ్ళోని సెన్సర్లను అడిగి, విన్నవాడికి నిజం చెప్పేస్తుంది. ‘ఆల్మోస్ట్’ అంటే దాని లెక్కలో కాలేదని.

ఒక్క పాలక కార్యాలయానికి మాత్రం మినహాయింపు. “జనం బెదిరిపోతారు డాక్టరుగారూ, మాక్కాస్త వెసులుబాటు ఉండాలి కదా,” అని అధికారి నరసింగరావు నసిగితే వకుళే ఒప్పుకుంది. నిలదీయాల్సిన వాళ్ళనే వదిలేసిన సిగ్గుమాలిన మినహాయింపు అది.

పప్పు దించకముందే సైరన్ మోగింది. ఉత్తరపు గుమ్మటం చీలింది. వకుళ భర్త సారథి ఆ పూట డ్యూటీలో ఉన్నది అక్కడే. స్పీకరులో నరసింగరావు గొంతు వినిపించింది.

“ఆల్మోస్ట్ ఎవ్రీవన్ ఈజ్ సేఫ్. ఎవరూ కంగారుపడొద్దు.”

ఏ పోగూ ఆయన్ని నిలదీయలేదు. వకుళ పోగు మాత్రం, తనను తయారుచేసిన మనిషి కదాని, మెల్లగా అడిగింది.

“మిగిలినవాళ్ళెవరో నాకు తెలుసు. చెప్పమంటారా?”

తమ్ముడు పోయిననాడు ఈ ఒక్క జవాబు కోసం వకుళ కార్యాలయం ముందు గొంతు పోయేలా అరిచింది. ఇప్పుడామె చెయ్యి పోగు మీదికి పోయింది. ఆల్మోస్ట్ అన్నాడుగా, ఆ మాటలో సారథికి ఇంకా చోటుంది.

“వద్దు,” అని పోగు ఊడబెరికి బల్లమీద పడేసింది.

కామాక్షమ్మ వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. “ఏమైందే? వాడేడీ?”

“ఏం కాలేదు అత్తయ్యా. మీ అబ్బాయి వచ్చేసినట్టే.”

ఆవిడ హమ్మయ్య అనుకోబోయింది. తన పోగు మాత్రమే తీసిన సంగతి వకుళకు అప్పుడు గుర్తొచ్చింది. అత్తగారి చెవికేసి చెయ్యి చాచింది. అప్పటికే ఆ చెవిలో నిక్కచ్చి తన పని చేసేసింది.

గరిటె కింద పడింది. కామాక్షమ్మ కోడలి ముఖంలోకి చూసింది.

“మరి వచ్చేసినట్టే అన్నావేంటే?” అంది.