శనివారం పదింటి డ్రమ్స్ క్లాసు

ఆ గదిలో డ్రమ్ సెట్ ఒక్కటే. దాని ముందు స్టూలూ ఒక్కటే. శనివారం పది గంటలకు ఆ స్టూలు తనదేనంటూ ఇద్దరు వచ్చారు.

ఒకరు ఆమె. ముప్పై ఏడేళ్లు. ఆస్పత్రులకూ బడులకూ యూనిఫారాలు కుట్టే షాపు నడుపుతుంది. రెండోవాడు పళ్ళ డాక్టరు. నలభై దాటాడు, విడాకులై నాలుగేళ్లయింది. ఆ వివరాలు ఆమెకు తర్వాత తెలిశాయి. ఆ క్షణానికి తెలిసిందల్లా, తను హ్యాండ్‌బ్యాగు తగిలించి వచ్చేలోపు ఈ పెద్దమనిషి స్టూలెక్కి కూర్చున్నాడని.

“లేవండి. ఈ గంట నాది,” అంది.

“నాది కూడా,” అన్నాడు అతను, లేవకుండా.

మాస్టారు పుస్తకం తెరిచాడు. పదింటి గడిలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఒకటి ఇంకుతో, ఒకటి పెన్సిలుతో. మాస్టారు నలభై ఏళ్లు ఓడల్లోనూ హోటళ్లలోనూ బ్యాండుతో తిరిగి డ్రమ్స్ వాయించిన మనిషి. ఎడమ చెవి అక్కడే పోయింది. కుడి చెవి తనకిష్టమైనవే వింటుంది. తప్పు తనదని ఒప్పుకునే అలవాటు ఆయనకు ఏ చెవిలోనూ లేదు. మిగతా గంటలన్నీ పిల్లలవనీ, బుధవారం ఒక బ్యాచి ఉంది గానీ అది వాయించడం వచ్చినవాళ్లకనీ, మీ ఇద్దరికీ ఆ భయం లేదనీ చెప్పాడు.

“ఒకరు వాయించండి, ఒకరు లెక్కపెట్టండి. పది నిమిషాలకోసారి మారండి. దెబ్బలాడుకోవాలంటే బయట మెట్లున్నాయి.”

అలా మొదలైంది.

ఆమె డ్రమ్స్ నేర్చుకోవాలనుకోవడానికి చెల్లెలు కారణం. చెల్లెలి పుట్టినరోజుకు వచ్చిన ఒకాయన వెళ్లేటప్పుడు అందరికీ పేరుపేరునా వెళ్లొస్తానని చెప్పి, ఆమె దగ్గరికొచ్చేసరికి ఆమె పక్కనుంచి చెయ్యి చాపి వెనకాలున్న గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. “అక్కా, నువ్వు కూడా సామానే అనుకున్నాడు పాపం,” అని చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె కూడా నవ్వింది. మర్నాడే వెళ్లి డ్రమ్స్ క్లాసులో చేరింది. ఊళ్ళో అంతకంటే ఎక్కువ చప్పుడు చేసే కోర్సు దొరకలేదు.

ఇద్దరూ అంతంతమాత్రం విద్యార్థులే. ఆమెకు కుడికాలితో వచ్చింది చిక్కు. పద్దెనిమిదేళ్లుగా ఆ కాలు కుట్టుమిషను పెడలు మీద ఉంది. ఒకసారి తొక్కితే కుట్టు చివరిదాకా తొక్కడమే దానికి తెలుసు. కాలితో వాయించే పెద్ద డ్రమ్ము అలా కాదు. ఒక్క దెబ్బ కొట్టి వదిలేయాలి. ఆమె తొక్కిందంటే వదలదు. మాస్టారు వచ్చి ఆమె మోకాలి మీద పుస్తకంతో తట్టి, “ఇది చొక్కా కాదమ్మా,” అనేవాడు.

డాక్టరుది మరో తంటా. ఎదుటివాళ్ల నోట్లో పనిచేసే చేతులవి. చుట్టూ ఇత్తడి పళ్లేల్లాంటి సింబల్స్ తొమ్మిది పెట్టినా ఒక్కదానికీ తగలకుండా మధ్యలోంచి చెయ్యి తీసుకోగలడు. కొట్టమన్నప్పుడు కూడా అదే చేసేవాడు.

“మత్తిచ్చి కొడుతున్నారా దాన్ని?” అంది ఆమె రెండో వారం.

“పాపం, దాని వయసెంతో చూడండి.”

“మా షాపులో మిషన్లకు దాని రెట్టింపు వయసు. కొట్టండి.”

కొట్టాడు. స్టిక్ చేతిలోంచి జారి కిటికీలోంచి బయటికి పోయింది. మాస్టారు వెళ్లి కిటికీ మూసి వచ్చాడు.

క్లాసయ్యాక మెట్ల మీద నిలబడి కాసేపు మాట్లాడుకోవడం మూడో వారానికి అలవాటైంది. అప్పుడే అడిగింది, ఈ వయసులో మీకెందుకీ గోల అని. రోజంతా నోళ్లు తెరిచి పెట్టుకున్నవాళ్ల మధ్య ఉంటానని, వాళ్లు మాట్లాడలేరు గనక అన్నీ తనే మాట్లాడతానని, కొన్నాళ్లకు తన గొంతు తనకే విసుగొచ్చిందని చెప్పాడు. ఇక్కడైతే ఇంకొకరు లెక్కపెడుతుంటే తను వినొచ్చు.

ఒక శనివారం క్లాసు అయిపోయే వేళకు వాన పట్టుకుంది. ఇద్దరూ మెట్ల కింద ముప్పావు గంట ఇరుక్కుని నిలబడ్డారు. వాన తగ్గదేమిటని ఆమె విసుక్కుంది. వెళ్లాల్సిన పని ఉందని అతను వాచీ చూసుకున్నాడు. ఆమె హ్యాండ్‌బ్యాగులో మడత గొడుగుంది. అతని సంచిలోనూ ఉంది. ఎవరూ బయటికి తీయలేదు.

ఆమె షాపులో కత్తిరింపుల బల్ల చివర రబ్బరు ప్యాడు పెట్టుకుని మధ్యాహ్నాలు సాధన చేసేది. మొదట్లో పనివాళ్లు ముఖాలు చూసుకున్నారు. తర్వాత వాళ్ల కత్తెరలు కూడా ఆ లయకు నడవడం మొదలుపెట్టి, ఆ నెల నర్సుల యూనిఫారాలు రెండ్రోజులు ముందే తయారయ్యాయి. నాలుగు నెలలకు ఆమె కాలు వదలడం నేర్చుకుంది. చేతులు రెండూ ఒక పని, కాలు ఒక పని చేస్తున్నాయి. డాక్టరు మాత్రం ఇంకా మూడో లెక్క దగ్గరే తప్పిపోతున్నాడు. ఆమె స్టిక్ పట్టుకోవడం సరిచేసేది, చేతి మీద చెయ్యి వేసి లెక్క చెప్పేది. “సరే టీచరమ్మా,” అనేవాడు, చిత్తంగా. ఇంటికెళ్లి ఆ మాట తలుచుకుని అద్దంలో నవ్వుకునేది. చెల్లెలు చూసి, “అక్కా, నీకు పళ్లున్నాయని ఇన్నాళ్లకు తెలిసింది,” అంది.

ఆ తర్వాతి శనివారం ఆస్పత్రికి యూనిఫారాలు అప్పగించే పని తొందరగా తెమిలి, ఆమె తొమ్మిదిన్నరకే క్లాసుకు చేరింది. మెట్లెక్కుతుంటే పైనుంచి డ్రమ్స్ వినిపించాయి. ఎక్కడా తడబాటు లేదు. మాస్టారు వాయిస్తున్నాడనుకుని, వినడానికి తలుపు దగ్గర ఆగింది. సందులోంచి చూస్తే మాస్టారు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. స్టూలు మీద పళ్ళ డాక్టరు.

ఆమెను చూసి అతని చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మాస్టారు చెవికి అది నచ్చినట్టు లేదు, తలతిప్పి ఆమెను చూశాడు. మొహమాటం లేని మనిషి, ఉన్నదంతా చెప్పేశాడు. ఇతగాడు రెండు నెలల కిందటే బుధవారం బ్యాచికి పనికొచ్చాడని, వెళ్లమంటే వెళ్లడని, తొమ్మిదింటి పిల్లలు త్వరగా వెళ్లిపోతే ఆ ఖాళీలో ఇలా వాయించి, పదింటికల్లా చేతకానివాడిలా తయారవుతాడని.

“మీతో చెబుదామనే...” అన్నాడు డాక్టరు.

“ఎప్పుడు? నేను ఇంకో రెండు నెలలు మీ చెయ్యి పట్టుకుని లెక్కలు నేర్పాకా?”

సమాధానం వినకుండా మెట్లు దిగింది. ఏడుపు రాలేదు గానీ, బస్సులో తను దిగాల్సిన చోటు దాటిపోయింది.

రెండు శనివారాలు క్లాసుకు వెళ్లలేదు. షాపులోని రబ్బరు ప్యాడు ఇంటికి తెచ్చుకుని మాత్రం చావబాదింది. చెల్లెలు ఎగతాళి చెయ్యబోయి, అక్క ముఖం చూసి మానుకుని, సంగతంతా నాన్నకు చేరవేసింది.

నాన్న బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. రెండేళ్లుగా ఒక పుచ్చుపన్నును, భయపడి, ఇవాళ రేపు అంటూ నెట్టుకొస్తున్నాడు. మూడో శుక్రవారం ఎవరికీ చెప్పకుండా ఆ పన్ను పట్టుకుని సరిగ్గా ఆ డాక్టరు దగ్గరికే వెళ్లాడు. మనిషిని చూద్దామని. మధ్యాహ్నం మూడింటికి కింది పెదవి సగం మొద్దుబారి, బుగ్గలో దూదితో తిరిగొచ్చి, కూతుర్ని కూర్చోమన్నాడు.

“నోట్లో గొట్టం పెట్టి, దూది కుక్కి, ఇక నేను మాట్లాడలేనని రూఢి చేసుకున్నాక మొదలెట్టాడమ్మా,” అన్నాడు, మాటలు ఒక పక్కనుంచి జారిపోతుంటే. “శనివారాలు పోయాయంట. యూనిఫారాలు కుట్టే ఆవిడెవరో ఉందంట. ఆవిడ లెక్కపెడుతుంటే ప్రాణం కుదురుగా ఉంటుందంట. అబద్ధమాడి చెడగొట్టుకున్నాడంట.”

“నువ్వేమన్నావు?”

“నేనే ఆవిడ నాన్ననని చెబుదామని ‘ఆ, ఆ’ అన్నా. నొప్పేమోననుకుని ఇంకో ఇంజెక్షనిచ్చాడు.”

ఆమె నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. చెల్లెలు వంటింట్లోకి పారిపోయింది.

“చేసింది వెధవ పనే,” అన్నాడు నాన్న, దవడ పట్టుకుని. “చెయ్యి మాత్రం తేలిక. పెళ్లి చేసుకోమని నేననను, మానెయ్యమనీ అనను. నీ ఇష్టం. కానీ వెళ్లి నాలుగు తిట్టి రా. నువ్వు దాన్ని బాదుతుంటే నాకు మధ్యాహ్నం కునుకు పడట్లేదు.”

మర్నాడు పది గంటలకు వెళ్లింది. డాక్టరు గోడవార నిలబడి ఉన్నాడు. స్టూలు ఖాళీగా ఉంది. మాస్టారు ఇద్దర్నీ చూసి, టీ పొడి అయిపోయిందంటూ బయటికి పోయాడు.

అతను తనే మొదలుపెట్టాడు. మొదటి రెండు నెలలు నిజంగానే చేతకాలేదన్నాడు. రోజూ క్లినిక్ తెరవక ముందు గంటసేపు సాధన చేశానని, బుధవారానికి మారమని మాస్టారు అన్న రోజు భయమేసిందని, అప్పట్నుంచి తప్పులు వాయించడం మొదలుపెట్టానని చెప్పాడు. అందులో సరదా మాటలేవీ కలపలేదు.

“శనివారాలు వదులుకోలేక తప్పులు వాయించారు. అది నాకు అర్థమైంది,” అంది ఆమె. “మా నాన్నకు రెండు ఇంజెక్షన్లు పడ్డాక ఇంకా బాగా అర్థమైంది.”

అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమై, తల పట్టుకుని గోడకు జారబడ్డాడు.

“ఆయన బాగానే ఉన్నారు. నా సంగతి వినండి. ముప్పై ఏడేళ్లలో మొదటిసారి ఒకదాంట్లో నేను ఒకరికంటే ముందున్నాననుకున్నాను. ఇంట్లో చెప్పుకున్నాను. షాపులో చెప్పుకున్నాను. అదంతా మీరు పెట్టిన భిక్ష అని తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించారా?”

“లేదు. ఆలోచించాల్సింది,” అన్నాడు అతను. “క్షమించండి. మీరు నాకు కావాలనుకున్నాను. ఆ మాట నోటితో అడగడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడూ చాలడం లేదు, అయినా అడుగుతున్నాను.”

కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆమె స్టూలు మీద కూర్చుని, దాన్ని తన ఎత్తుకు తిప్పుకుంది.

“మీరు బుధవారానికి మారిపోండి,” అంది.

అతని ముఖం పాలిపోయింది. “శనివారం?”

“శనివారం పదింటికి నేను నేర్చుకోవాలి. ఒక్కదాన్నే, నా లెక్క నేనే పెట్టుకుంటూ. పదకొండింటికి ఖాళీగా ఉంటాను.”

అతను బయటికి నడిచాడు. మెట్ల మీద అడుగులు నాలుగు దిగి ఆగిపోవడం ఆమెకు వినిపించింది.

ఆ గంటలో ఆమె మొదటిసారి ఒక పాట పొడవునా, మొదట్నుంచి చివరిదాకా, మధ్యలో ఆగకుండా వాయించింది. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. పదకొండు కాగానే స్టిక్స్ సంచిలో పెట్టుకుని తలుపు తీసింది. అతను నాలుగో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

“విన్నారా? రెండే తప్పులు,” అంది.

అతను లేచి నిలబడి, వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు.

“మూడు.”

ఆమె అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. ఆ తర్వాత సంచి ఎడమ భుజానికి మార్చుకుని, కుడిచెయ్యి అతని చేతిలో పెట్టి, ఆ మూడోది ఎక్కడో చెప్పమంటూ మెట్లు దిగింది.