నర్సమ్మ సంచిలో ఐదు మాత్రలు

కుర్చీ చూపించినా నర్సమ్మ కూర్చోలేదు. కొంగు బిగించి పట్టుకుని గోడవారగా నిలబడింది.

"పెద్దమ్మకు మందు పెట్టిన్నంట సారూ. సాయంత్రం నన్ను పోలీసులకు పట్టిస్తరంట."

డిటెక్టివ్ వీరభద్రం తొందరపెట్టకుండా విన్నాడు. యలహంకలో ఈ ఆఫీసు తెరవకముందు ఆయన పదేళ్లు మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌గా తిరిగాడు. డాక్టర్లు చెప్పిన ప్రతి ముక్కా ఆయన బుర్రలో భద్రంగా ఉందని అసిస్టెంటు మమత నమ్మకం. ఆమె నోట్సు రాసుకోసాగింది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వంశీ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇంట్లో, అతని తల్లి పద్మావతమ్మకు తోడుగా ఉండటం నర్సమ్మ పని. పద్మావతమ్మ ఎనిమిదేళ్లుగా పడుకునే ముందు ఆందోళన తగ్గే మాత్ర ఒకటి వేసుకుంటోంది; ఇప్పుడు అది ఇచ్చేది నర్సమ్మే. ఆదివారం ఆవిడకు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయి. ఆ గొడవలో నర్సమ్మ సంచి వెదికితే అవే మాత్రలు ఐదు దొరికాయి. ఎక్కువ మింగించి నగలు కాజేయబోయిందని వంశీ తేల్చేశాడు. తల్లి ఆస్పత్రి నుంచి ఇల్లు చేరేదాకా మాత్రం ఆగాడు.

"అవి నీ సంచిలోకి ఎలా వచ్చాయమ్మా?"

"అదొక్కటి అడగొద్దు సారూ. శివగాని మీద ఒట్టుంది."

శివ ఆమె కొడుకు. పది రోజుల కిందట పరంజా మీంచి పడి ఆస్పత్రిలో ఉన్నాడు. మమతకు అర్థమైంది. ఆ ఒట్టు ఈ తల్లి జైలుకైనా పోతుంది గానీ దాటదు.

మధ్యాహ్నానికి ముగ్గురూ వంశీ ఇంట్లో ఉన్నారు.

"ఎవిడెన్స్ క్లియర్‌గా ఉంది కదా సార్, ఇంకా ఎంక్వైరీ ఏంటి?" అన్నాడు వంశీ విసుగ్గా.

వీరభద్రం మాత్రల అట్ట అడిగి చూశాడు. లెక్క సరిగ్గానే ఉంది, రోజుకొకటి చొప్పున తీశారు. సంచిలో దొరికిన ఐదింటినీ భూతద్దం కింద పెట్టాడు. అంచులు అరిగి, రంగు వెలిసి ఉన్నాయి.

"ఫిట్స్‌కు ముందు అమ్మగారు ఎలా ఉన్నారు?"

"నాలుగు రోజులు నిద్రే లేదు. చేతులు వణికేవి. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడేది."

"రక్తపరీక్షలో?"

"ఏ మత్తుమందూ దొరకలేదు. తెలియని పాయిజన్ ఏదో ఇచ్చుంటుంది."

వీరభద్రం పద్మావతమ్మను హాల్లోకి తీసుకురమ్మన్నాడు. కంగారుపడుతుందని ఆవిడకు ఇంతవరకూ ఏమీ చెప్పలేదు.

"ఈ మాత్ర ఎక్కువైతే మనిషి మత్తులో పడుతుంది, నిద్రపట్టక వణకదు," అన్నాడు వీరభద్రం. "మెదడులో నరాల ఉరుకుకు కళ్లెం వేసే రసాయనం గాబా. అది పట్టుకునే చోట్లను రిసెప్టర్లంటారు. ఈ మాత్ర అదే రిసెప్టర్ మీద పక్కన కుదురుకుని గాబా పట్టు పెంచుతుంది. ఏళ్ల తరబడి ఆ సాయం అందితే రిసెప్టర్లు మొద్దుబారతాయి. సాయం ఒక్కసారిగా ఆగిందా, ఉన్న గాబా సరిపోదు. నరాలు కళ్లెం తెంచుకుంటాయి. ఫిట్స్ అందుకే వచ్చాయి."

"అంటే..."

"మందు పెట్టినందుకు కాదు, మందు అందనందుకు. ఈ మాత్రా మత్తుమందే కదా. రోజూ మింగే ఈ మాత్రే రక్తంలో లేదంటే, ఆవిడ మింగలేదన్నమాట. ఈ ఐదూ నోట్లో నాని బయటికొచ్చినవి." ఆయన పద్మావతమ్మ వైపు తిరిగాడు. "మీరు చెప్పకపోతే సాయంత్రం నర్సమ్మను పోలీసులు తీసుకుపోతారమ్మా."

ఆవిడ అదిరిపడింది. "అయ్యో, పాపం కట్టుకుంటి గదప్పా! నేనే నాలిక కింద దాచిపెట్టుకుని, ఆయమ్మ అట్ల తిరిగినంక తీస్తాంటి. కొడుకు ఆస్పత్రిలో ఉండాడు, కంటిమీద కునుకు లేదు ఆమెకు. డాక్టరు రాసినవి మిగిలినాయని అబద్ధం చెప్పి ఇస్తి. నువ్వు తిడతావని ఒట్టేయించుకుంటి వంశీ."

వంశీ తల దించుకున్నాడు. నర్సమ్మను అడిగాడు: "మరి నువ్వెందుకు వేసుకోలేదు?"

"నేను పండుకుంటే పెద్దమ్మను ఎవరు జూస్తరు సారూ?"

మమత పెన్ను ఆగిపోయింది. అన్నం పంచుకున్నట్టే మాత్రలూ పంచుకుందామనుకున్న ఆ పెద్దావిడ మీద ఆమెకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

వంశీ లేచి, డాక్టరు కొత్తగా రాసిచ్చిన మాత్రల అట్ట తెచ్చి రెండు చేతులతో నర్సమ్మకు అందించాడు.

"తప్పయిపోయింది నర్సమ్మగారూ. ఈ రాత్రి అమ్మకు మీరే ఇవ్వండి."

నర్సమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇస్త సారూ. మింగిందాక ఆడ్నే కూసుంట."