సీజరు చివరి రీలు

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు! కొల్లేటి మీద కారుమేఘాలు కమ్ముకుని పట్టపగలే కాళరాత్రిలా ఉంది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము... ఆ వెంటనే చేపల చెరువు గట్టు మీది రేకుల షెడ్డులో గుడ్లగూబ అరిచింది. పగటిపూట గుడ్లగూబ! లోపల కపాలం ముందు రత్నమాణిక్యం కూర్చున్నాడు. పదూళ్లను చేతబడితో పీడిస్తున్న పరమ నీచుడు, మాంత్రికుడు.

అతని పక్కన ఎనిమిదేళ్ల ఇందు... జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి, పూనకంతో ఊగుతోంది. తొమ్మిది రోజులుగా ఆ పసిదాని గొంతు ఆ కపాలంలో బందీ! మాట పోయిన బిడ్డతో తల్లి పెర్సిస్ సైగలతోనే నెట్టుకొచ్చింది. ఆకివీడులో పాఠాలు చెప్పుకునే టీచరమ్మ, చివరికి ఈ దుర్మార్గుడి గడప తొక్కింది.

వాడు అడిగింది ఒక్కటే. "మీ ముత్తాత యోసేపుగారి పెట్టెలో రీలు ఉందంట. అది తెచ్చివ్వండమ్మా, పిల్ల గొంతు ఇచ్చేస్తాను."

నశించిపోయిందని లోకం వదిలేసుకున్న మూకీ సాహస చిత్రమది. అందులో హీరో సీజరనే కుక్క. దాన్ని పెంచిందీ, కెమెరా పక్కన నిలబడి ఆడించిందీ యోసేపే. పట్టిన జాడ విడువని ఆ శునకం ఆత్మను కపాలంలో బంధించి, ఎదురుతిరిగిన వాళ్ల మీదికి వదలాలని రత్నమాణిక్యం పన్నాగం.

రీలు చేతికందగానే మాట మార్చాడు, ద్రోహి!

"కుక్క తెర దాటగానే పిల్లని బలిస్తానమ్మా. మీరు హ్యాండిల్ తిప్పుతూ ఉండండి. చెయ్యి ఆగిందా, ఇప్పుడే బలి ఇచ్చేస్తాను."

పెర్సిస్ పాత ప్రొజెక్టరు తిప్పింది. తెరగా కట్టిన తెల్ల పంచె మీద సీజరు పరుగెత్తింది... గోడలు దూకింది... దొంగల పడవ మీదికి లంఘించింది... చివరి దృశ్యంలో ఆగి, సూటిగా ఇటే చూసింది!

"శునకమా, కపాలంలో ప్రవేశించు! ఇది నా ఆజ్ఞ!" మాంత్రికుడు గొంతు చించుకున్నాడు. మంత్రం మీద మంత్రం... ఉహూఁ! అది చెవైనా కదపలేదు.

పెర్సిస్‌కు చటుక్కున గుర్తొచ్చింది. సీజరు పుట్టుచెవిటిది! ముత్తాత దాన్ని చేతి సైగతోనే నడిపేవాడు. ఆ చూపు ఆయన చేతి కోసమే! తన చేతులా, హ్యాండిల్ వదలలేవు. ఆమె ఇందు వైపు చూసింది. ఆ కథ చెబుతూ బిడ్డను ఎన్నిసార్లు నిద్రపుచ్చిందో!

ఇందు కళ్లలో నల్లగుడ్లు మెల్లగా కిందికి దిగాయి. చిన్ని చెయ్యి, కథలోని ముత్తాతలాగే, తొడ మీద రెండుసార్లు చరిచింది. మాంత్రికుడి వైపు వేలు చూపింది.

పంచె పర్రున చిరిగింది! కపాలం వెయ్యి ముక్కలైంది! రీలు భగ్గున అంటుకుంది. కనిపించని కోరలు రత్నమాణిక్యం పిక్కలో దిగి, అతణ్ణి చెరువు వైపు ఈడ్చుకుపోయాయి.

"ఆపమనండమ్మా... మీ కాళ్లు పట్టుకుంటానండీ..."

ఆపే సైగ పెర్సిస్‌కు తెలుసు. అరచెయ్యి ఎత్తితే చాలు. ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

చెరువు నీళ్లు కుతకుతలాడి, సద్దుమణిగాయి. గట్టు మీద కుక్క పాదాల తడి గుర్తులు ఒక్కొక్కటే షెడ్డు దాకా వచ్చి గుమ్మంలో ఆగాయి.

"అమ్మా," అంది ఇందు. తొమ్మిది రోజుల తర్వాత ఆ గొంతు! "ఇంక చాలని చెప్పవా? పాపం, చూస్తోంది."

అప్పుడు పెర్సిస్ అరచెయ్యి ఎత్తింది.