ఇయెరెమియా చెట్టు మీద పాట

బికెంతాయ్ ఊరికి ఉత్తరపు కొసన ఒక పొడుగాటి కొబ్బరిచెట్టు ఉంది. దాన్ని ఇయెరెమియా చెట్టంటారు. పొద్దు వాలాక ఆ వైపు ఎవరూ పోరు. తప్పక పోవాల్సి వస్తే చెట్టు మొదట్లో చిటికెడు పొగాకు పెట్టి, వెనక్కి చూడకుండా నడుస్తారు.

ఇరవై ఏళ్ళ కిందట ఇయెరెమియా అనే కల్లు గీతగాడు ఆ చెట్టు మీంచి పడి చచ్చిపోయాడు. పాట సగంలో ఉండగా పడ్డాడట. మిగతా సగం ఇప్పటికీ పాడుతూనే ఉంటాడని... ఊళ్ళో మాట.

మా దీవుల్లో కల్లు గీసేవాడు చెట్టెక్కాడంటే గొంతెత్తి పాడాల్సిందే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పైన క్షేమంగా ఉన్నానని కింద ఉన్నవాళ్ళకి చెప్పడం అది. పాట ఉన్నట్టుండి ఆగిందంటే ఆడవాళ్ళు పొయ్యి మీద కుండ వదిలేసి పరిగెత్తుతారు.

నేను చెప్పబోయేది మరేవాకి జరిగింది. ఆవిడ నోటి నుంచి విన్నది విన్నట్టే చెప్తున్నాను. చివర కొంచెం మాత్రం నేను కళ్ళారా చూశాను. ఇందులో దెయ్యం ఉందా లేదా అని నన్నడగొద్దు. తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అంతే.

మరేవా మొగుడు బౌరో. చూడ్డానికి బాగుంటాడు, మాట తేనె. ఇయెరెమియా చెట్టు ఎక్కడానికి ఒప్పుకున్నవాడు ఊరు మొత్తానికి అతనొక్కడే. "చచ్చినోడు ఒక్కడే పాడుకుంటున్నాడు పాపం, తోడు నేనుంటాలే" అనేవాడు. ఆ ధైర్యానికి ఊరంతా ముక్కున వేలేసుకుంది. చెట్టు కింద జనం పెట్టే పొగాకు మాత్రం తెల్లారేసరికి మాయమయ్యేది. దెయ్యం కాలుస్తోందనుకునేవాళ్ళు. బౌరో దగ్గరికెళ్ళి వాసన చూసినవాడు లేడు.

చెట్టుకి దగ్గర ఇల్లు మరేవాదే. ఎనభై అడుగులు ఉంటుందేమో. సాయంత్రం ఆవిడ చాపలల్లుకుంటూ మొగుడి పాట వింటూ కూర్చునేది. పాట అయ్యాక అతను అటునుంచటే పగడపు దిబ్బల రీఫ్ మీదికి చేపలకి పోయేవాడు. పెళ్ళయిన ఆరేళ్ళూ అలాగే గడిచాయి.

సెల్‌ఫోన్లు మా వైపు ఇంకా రాని రోజులవి. మరేవా తమ్ముడు ఇయోతెబా పెద్ద ఓడల్లో పనిచేసేవాడు. సెలవుకి వచ్చినప్పుడు అక్కకి ఒక ఎంపీత్రీ ప్లేయర్ తెచ్చాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, వెండి రంగుది.

"అక్కా, ఇందులో నూట యాభై పాటలున్నాయి. మనం మాట్లాడినా పట్టుకుంటుంది, చెవుల్లో పెట్టుకోకపోతే పైకే పాడుతుంది. ఉప్పుగాలి మాత్రం దీనికి పడదు, జాగ్రత్త."

"నాకు పడుతోందా ఏంట్రా? ముప్పై ఏళ్ళుగా పీలుస్తున్నా, నన్నెవరన్నా డబ్బాలో పెట్టి దాచారా?"

అన్నదే గాని, దాన్ని పసిబిడ్డలా చూసుకుంది. ప్లాస్టిక్ సంచిలో గుప్పెడు బియ్యం పోసి, అందులో ప్లేయర్ని పెట్టి, పాలపొడి డబ్బాలో దాచేది. రెండు రోజులకోసారి ఊరి సభామంటపం మనెయబాకి తీసుకెళ్ళి, సభ దీపానికున్న సోలార్ వైరుకి తగిలించి, నిండేదాకా పక్కనే కూర్చునేది. గవ్వపూసలతో తాడు అల్లి కట్టింది. రాత్రి చాప మీద పడుకుని ఇయర్‌ఫోన్లలో ఎడమ చెవిది తను పెట్టుకుని, కుడి చెవిది మొగుడికి ఇచ్చేది. వైరు పొట్టిది కాబట్టి ఇద్దరూ దగ్గరగా జరగాల్సి వచ్చేది. అందుకే తనకి ఆ వస్తువంటే అంత ఇష్టమని నాతో సిగ్గుపడకుండా చెప్పింది.

ఒకరోజు బౌరో అన్నాడు, "ఏమే, ఎవడెవడి పాటలో వింటావు. నా పాట కూడా పట్టవే. నేను రీఫ్ మీదున్నప్పుడు వినొచ్చు."

మరేవా మురిసిపోయింది. అతను ఇంటి పక్క పొట్టి చెట్టెక్కి కూర్చుని పాడాడు. ఆవిడ కింద పెట్టె మీద నిలబడి, చేయి పైకి చాపి ప్లేయర్ పట్టుకుంది. అతను పాడిన నాలుగు పాటలూ అయ్యేదాకా, దోమలు కుడుతున్నా కదల్లేదు.

నెల తిరక్కుండా ప్లేయర్ పోయింది.

"రీఫ్ మీదికి తీసుకెళ్ళానే, పాటలు వింటూ చేపలు పడదామని. అల కొట్టింది. మెళ్ళోంచి జారి నీళ్ళలో పడిపోయింది." బౌరో తల పట్టుకు కూర్చున్నాడు. "నన్ను కొట్టు. కొట్టవే, నీ తమ్ముడి వస్తువు పోగొట్టాను."

మరేవా మొగుడి ముఖం చూసి తనే ఓదార్చింది. "పోతే పోయింది లేవయ్యా. అల నిన్ను కొట్టుకుపోలేదు, అదే పదివేలు."

ఆ తర్వాతే... ఇయెరెమియా చెట్టు మీద పాట తేడాగా వినిపించడం మొదలైంది.

రోజూ కాదు. కొన్ని సాయంత్రాలు మామూలుగానే ఉండేది. కొన్ని సాయంత్రాలు మాత్రం గొంతు బౌరోదే, రాగం బౌరోదే, అయినా ఏదో లోపలి నుంచి వచ్చేది. అవే నాలుగు పాటలు. అదే వరస. మూడో పాటలో అదే చోట, అదే దగ్గు.

పక్కింటి ముసలమ్మ తెకారా ఒకరోజు మరేవాని పిలిచి గుసగుసలాడింది. "ఏమే పిల్లా, నీ మొగుడి గొంతేంటే, బావిలోంచి వస్తున్నట్టుంది? ఇయెరెమియా పూనాడేమో చూసుకో."

మరేవాకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మొగుణ్ణి బతిమాలింది. "ఆ చెట్టు వదిలెయ్యవయ్యా. వేరే చెట్లు లేవా?"

"వదిలేస్తే ఏం తాగుతావే, సముద్రమా?" అని నవ్వేశాడు బౌరో.

అప్పటి నుంచి ఆవిడ భయం ఒక్కటే. మనిషి తనకి దక్కుతాడా, ఇయెరెమియా పట్టుకుపోతాడా. పొద్దు వాలితే చాలు, చేతిలో చాప ఆగిపోయేది. పాట వినిపిస్తే భయం. వినిపించకపోతే మరీ భయం.

ఆ సాయంత్రం పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. గాలి లేచింది. వాన మొదలైతే ఎంతటి గీతగాడైనా పాట ఆపి దిగిపోతాడు — తడి చెట్టుతో ఆటలాడరు. బౌరో దిగలేదు. పాడుతూనే ఉన్నాడు. వాన హోరులో ఆ గొంతు కాస్తయినా వణకడం లేదు...

మరేవా తడుస్తూ పరిగెత్తింది.

"దిగవయ్యా! జారిపోతావు, దిగు!"

పైనుంచి పాటే వస్తోంది. మూడో పాట. దగ్గు వచ్చింది. మళ్ళీ పాట.

మెరుపు మెరిసింది. చెట్టు తల స్పష్టంగా కనిపించింది — మట్టలు, కల్లుకి కట్టిన సీసా, ఇంకేదో డబ్బా. మనిషి లేడు.

రెండో మెరుపుకి మరేవా ఎందుకో చెట్టు అవతల ఉన్న సముద్రపు పాయ వైపు చూసింది. ఆటు వేళ, పాయలో మోకాలి లోతు నీళ్ళే. అందులో బౌరో నడిచిపోతున్నాడు! అదే ఎర్ర గళ్ళ చొక్కా. వీపు ఇటు తిప్పి, ఉత్తరం వైపు...

చచ్చిపోయినవాళ్ళ ఆత్మలు ఉత్తరం దారి పడతాయని మాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. పిలిచినా తిరిగి చూడవు.

"బౌరో...!"

తిరిగి చూడలేదు.

చెట్టు మీద గొంతు పాడుతోంది. నీళ్ళలో మనిషి వెళ్ళిపోతున్నాడు. మరేవాకి అర్థమైపోయింది — తన మొగుడు పడిపోయాడు. పాణం ఉత్తరానికి పోతోంది, పాట ఇక్కడ ఉండిపోయింది. ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి, చీకట్లో చెట్టు మొదలంతా తడిమింది. శవం ఎక్కడో ఇక్కడే ఉండాలి. తుప్పలు తడిమింది, రాళ్ళు తడిమింది. ఏడుస్తూ, పేరు పెట్టి పిలుస్తూ తడిమింది.

శవం లేదు.

ఇంతలో నాలుగో పాట అయిపోయింది. ఒక క్షణం వాన చప్పుడే...

అప్పుడు చెట్టు మీంచి ఒక ఆడగొంతు మాట్లాడింది.

"చాల్లేవయ్యా, దిగు. చేప చల్లారిపోతోంది..." ఆ వెనకే కిలకిలమని నవ్వు.

ఆ గొంతు మరేవాది. ఆ నవ్వు తనదే.

తనూ చచ్చిపోయిందేమో, తన ఆత్మ కూడా ఆ చెట్టు మీదే ఉందేమోనని నిజంగా అనుకుందట. తన చేతులు తనే పట్టుకుని చూసుకుంది. చల్లగా ఉన్నాయి. అలా ఎంతసేపు నిలబడిందో తెలీదు. చెట్టు మీద మొదటి పాట మళ్ళీ మొదలైంది. అప్పుడు గుర్తొచ్చింది — పెట్టె మీద నిలబడి చేయి చాపిన ఆ సాయంత్రం, ఆపే బటన్ నొక్కడం మరిచి తనన్న మాట అది. ఇన్నాళ్ళూ ఇంటి దాకా పాటే వచ్చేది, మాట వచ్చేది కాదు.

ఆడది గీత చెట్టు ఎక్కకూడదంటారు. మరేవా ఎక్కింది. చెక్కిన మెట్లలో కాలి వేళ్ళు గుచ్చి, తడి చెట్టు కావలించుకుని, పై దాకా ఎక్కింది. సీసా పక్కనే ఖాళీ బిస్కట్ డబ్బా కట్టి ఉంది. మూత తీసింది. లోపల ప్లాస్టిక్ సంచి, సంచిలో గుప్పెడు బియ్యం, బియ్యంలో ప్లేయర్. గవ్వపూసల తాడు కూడా తియ్యలేదు. డబ్బా హోరుకి ఆ చిన్న వస్తువు మగాడి గొంతంత పాడుతోంది.

బియ్యం కూడా తను చేసినట్టే పోశాడు. అది చూసినప్పుడే ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చిందట.

ఆటు వేళకి పాయ దాటాలంటే పొద్దు ఉండగానే బయల్దేరాలి. పాట వినిపించకపోతే పెళ్ళాం పరిగెత్తుకొస్తుంది. అందుకని పాటని చెట్టెక్కించి తను దిగిపోయాడు. ఆ పాట పట్టి ఇచ్చింది తనే. పోయిందంటే ఓదార్చిందీ తనే.

మరేవా ఇంటికి పోలేదు. సంచి మూతి ముడేసి పళ్ళతో పట్టుకుని పాయలో దిగింది. అప్పటికి పోటు మొదలైంది, నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. అయినా దాటింది. అవతలి ఊళ్ళో, బడి పక్కన ఒక్క ఇంట్లోనే దీపం వెలుగుతోంది. గుమ్మం బయట బౌరో చెప్పులు.

తలుపు కొట్టింది.

తలుపు తీసిన మనిషి, నీళ్ళోడుతున్న జుట్టుతో, పళ్ళ మధ్య సంచితో నిలబడ్డ ఆడదాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. మరేవా సంచి చేతిలోకి తీసుకుంది.

"నేను మరేవాని. బౌరో పెళ్ళాన్ని."

ఆ మనిషి కెవ్వున కేకేసింది.

ఆ కేక వేసింది నేనే.

దక్షిణపు దీవి నుంచి ఆ బడికి టీచరుగా వచ్చి అప్పటికి ఏడు నెలలు. అక్కడ నాకు ఎవరూ తెలీదు. బౌరో తీపి కల్లు తెచ్చిచ్చేవాడు. పెళ్ళాం మరేవా ఏడాదిన్నర కిందట జ్వరంతో పోయిందని, ఇయెరెమియా చెట్టు పక్కనే పూడ్చిపెట్టానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఆ చోటు మంచిది కాదు, నువ్వు రావొద్దు" అన్నాడు. నేను జాలిపడ్డాను. ఆ తర్వాత జాలి ఎంత దూరం పోయిందో మీరే అనుకోండి.

దెయ్యం వచ్చిందని అరుస్తూ నేను బౌరో వెనక్కి పరిగెత్తాను. అతని చేయి గట్టిగా పట్టుకున్నాను. ఆ చెయ్యి వణకడం లేదు. ముఖం వైపు చూశాను... చచ్చిన పెళ్ళాం ఎదురుగా నిలబడితే భయపడాలి కదా? బౌరో భయపడలేదు. తల దించుకున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ బతికే ఉందని.

బౌరో చెప్పులేసుకుని బయటికి పోయాడు. మరేవా అతని వంక చూడలేదు. గుమ్మంలోనే చలికి వణుకుతూ నిలబడింది. నేనే లోపలికి పిలిచి, పొడిబట్ట ఇచ్చి, టీ కాచాను.

"అక్కా, నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు."

"తెలిస్తే అట్లా అరుస్తావా?" అంది. తర్వాత అడిగింది, "నా గురించి ఏం చెప్పాడు?"

చెప్పాను. జ్వరం, సమాధి, కన్నీళ్ళు అన్నీ. దాచి ఏం లాభం? "ఆత్మల పండగనాడు నీ సమాధి మీద పెట్టమని నేనే పూల వలయం అల్లి అతని చేతికిచ్చాను. చచ్చిన మనిషికి చెడు తలపెట్టలేదని నీకు తెలియాలని..."

మరేవా చేతిలో కప్పు ఆగిపోయింది.

"తెల్లపూలా? మధ్యలో ఎర్ర ఉన్నిదారం?"

"అవును."

"అతనే నా తలకి పెట్టాడు" అంది మెల్లగా. "ఆ రాత్రి మనెయబాలో అది పెట్టుకునే ఆడాను. ఎంత బాగుంది, ఎవరల్లారని అందరూ అడిగారు. మా ఆయనే అల్లాడని చెప్పుకున్నాను."