ఎనిమిది గేట్లు

పెదకాకాని బస్టాపులో టీ తాగుతూ కూలిపోయాడు వీరబాబు. టీలో విషం. పోయేముందు తోటి ఏజెంట్ నజ్మీన్‌కి పంపిన మెసేజ్ రెండే మాటలు: ‘ఆదివారం, పదకొండు.’

ఇవాళే ఆదివారం.

బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ బోర్డు వెనకున్న ఆఫీసులో చీఫ్ ప్రేమ్‌చంద్ నజ్మీన్‌కి క్లుప్తంగా చెప్పాడు.

“వినుకొండ అవతల గద్దలబండ జలపాతం. మామూలుగా నీళ్ళన్నీ ఆనకట్ట దగ్గరే సొరంగంలోకి మళ్ళి టర్బైన్లకి పోతాయి. ఆదివారం మాత్రం టూరిస్టుల కోసం ఒక గేటు కొంచెం లేపుతారు. విదేశీ ముఠా కంట్రోల్ సిస్టమ్‌ని హ్యాక్ చేసింది. పదకొండింటికి ఎనిమిది గేట్లూ పూర్తిగా లేస్తాయి.”

“జనాన్ని ఖాళీ చేయిద్దాం సార్.”

“పసిగడితే ఆ క్షణమే లేపేస్తారు. లోపల మన మనిషి భవ్య ఉంది. పాస్‌వర్డ్ ఇస్తుంది.”

ఇన్‌స్పెక్షన్ ఇంజినీర్ వేషంలో నజ్మీన్ కంట్రోల్ రూమ్‌కి చేరేసరికి పది యాభై. పట్టుచీరలో మెరిసిపోతున్న భవ్య చేతిలో పిస్టల్ ఉంది.

“వీరబాబుకి టీ ఇచ్చింది నేనే,” అంది నవ్వుతూ.

నజ్మీన్ హెల్మెట్ విసిరింది. పిస్టల్ ఎగిరిపడింది. భవ్య చేతికి బేడీ వేసి కుర్చీకి బిగించింది.

“పాస్‌వర్డ్!”

“నిన్ననే మార్చేశారు. నాకూ చెప్పలేదు.” భవ్య నవ్వు ఆరిపోయింది. “నన్నూ వాడుకుని వదిలేశారు నజ్మీన్.”

పాస్‌వర్డ్ లేకుండా తెరవడానికి ఆఫీసు ల్యాబ్ వాళ్ళిచ్చిన పెన్‌డ్రైవ్‌ని నజ్మీన్ కంప్యూటర్‌కి పెట్టింది. ‘యాక్సెస్ డినైడ్.’ పది యాభై ఏడు. కిటికీలోంచి చూస్తే కింద బండల మీద రెండు వేల మంది. ఎంత అరిచినా ఆ హోరులో వినపడదు. నజ్మీన్‌కి వీరబాబు ఊరికే పోయాడనిపించింది.

గేట్ ఆపరేటర్ బుల్లయ్య గుమ్మంలోంచి తొంగిచూశాడు.

“కంప్యూటర్‌తో కుస్తీ ఏందమ్మా? మోటార్లకి కరెంటు తీసేస్తే గేట్లెట్టా లేస్తయ్?”

“మెయిన్ స్విచ్ ఎక్కడ?”

“ఆనకట్ట ఆ చివరాకర. దాని పెట్టె తాళం ఎవరో మార్చారు. పొద్దున్నుంచీ మొత్తుకుంటన్నా, వినేవాడేడీ?”

కిందపడ్డ పిస్టల్ అందుకుని నజ్మీన్ పరిగెత్తింది. సగం దూరంలో ఉండగానే మోటార్లు మూలిగాయి. కాళ్ళ కింద కాంక్రీటు అదిరింది. మూడు తూటాలకి తాళం పగిలింది. హ్యాండిల్ కిందికి లాగింది.

బెత్తెడు లేచిన గేట్లు అక్కడే ఆగాయి. కింద నీళ్ళు మోకాలెత్తు పెరిగాయి. జనం సంబరంగా ఈలలు వేశారు.

బుల్లయ్య చక్రం చేత్తో తిప్పి, గేట్లన్నీ ఒక్కొక్కటే దించేశాడు. నీళ్ళు మళ్ళీ సొరంగం దారి పట్టాయి. జలపాతం సన్నటి ధార అయిపోయింది.

చీఫ్ ఫోన్ చేశాడు. “ముఠా నాయకుడు విమానం ఎక్కేశాడమ్మా. వీరబాబుది గుండెపోటని రాయిస్తున్నాం.”

నజ్మీన్ ఫోన్ జేబులో పెట్టుకుంది. మెట్లెక్కి వచ్చిన టూరిస్టు ఒకాయన ఆమె ఇంజినీర్ బ్యాడ్జి చూసి మండిపడ్డాడు.

“చీరాల నుంచి పిల్లాజెల్లాతో వచ్చామండీ. ఇదేం జలపాతం? చుక్క నీళ్ళు లేవు!”

“సారీ అండీ,” అంది నజ్మీన్. “కరెంటు పోయింది.”